కొత్త యాప్ వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు, టీవీలు ఇస్తున్నది వార్తా? ప్రచారమా?

కావలి లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. ఒక ప్రశ్న పెడుతున్నాను. కోపంతోనే పెడుతున్నాను, దాచుకోను.

2025 సెప్టెంబరు చివరి వారం గుర్తు చేసుకోండి. ఏ పత్రిక విప్పినా, ఏ చానల్ పెట్టినా అరట్టై. జోహో సంస్థ తయారుచేసిన మెసేజింగ్ యాప్ అది. రోజుకు 3 వేల మంది చేరే చోట మూడు రోజుల్లో ఆ సంఖ్య 3.5 లక్షలకు పెరిగిందని సంస్థ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు ప్రకటించారు. కేంద్ర మంత్రులు స్వదేశీ యాప్ వాడమని పిలుపునిచ్చారు. ఆ ప్రకటననూ ఆ పిలుపునూ కలిపి మనవాళ్లు వార్తగా అచ్చు వేశారు.

ఆ యాప్ విడుదలైంది 2021లో. అన్నేళ్లూ ఎవరూ తొంగిచూడని దానిలో ఆ వారం ఏం మారింది? నేను చదివిన ఏ వార్తలోనూ ఈ ప్రశ్న లేదు. కాల్స్‌ను మధ్యలో ఎవరూ వినలేని రక్షణ అందులో ఉంది కానీ, రాసుకునే సందేశాలకు అప్పటికి ఆ రక్షణ లేదు. వాట్సాప్‌లో అది 2016 నుంచే ఉంది. మనిషి తన ఇంటి విషయాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకునే ముందు తెలుసుకోవలసినది ఇదే కదా? చివరి వాక్యంలోనైనా రాయలేదు. నవంబరుకల్లా యాప్‌ల జాబితాలో అరట్టై బాగా కిందికి జారింది. ఆ వార్త మీలో ఎందరు చూశారు?

ట్విట్టర్‌కు పోటీగా వచ్చిన స్వదేశీ యాప్ కూ సంగతీ అంతే. 2021 ఫిబ్రవరిలో రైతుల ఉద్యమం వేళ ట్విట్టర్‌కూ కేంద్ర ప్రభుత్వానికీ తగవు ముదిరినప్పుడు మంత్రులు, ప్రభుత్వ శాఖలు కూలో ఖాతాలు తెరిచారు. పత్రికలు ఆకాశానికెత్తాయి. 2024 జూలైలో అది మూతపడింది. లోపలి పేజీలో నాలుగు లైన్లు. పుట్టినప్పుడు పతాక శీర్షిక, పోయినప్పుడు నాలుగు లైన్లు, మధ్యలో మూడేళ్లు మౌనం. దీన్ని వార్త అనాలా?

పొదలకూరు నిమ్మతోట

ప్రచారమే. సందేహం లేదు.

ఒంగోలు పాత విలేకరి

మాస్టారు గారికి నమస్కారం. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా విలేకరిగా పనిచేసినవాణ్ని కాబట్టి జవాబు చెప్పే బాధ్యత నాకుంది.

మీరు చూసిన అరట్టై వార్త ఏ పేజీలో వచ్చింది? మెయిన్‌లోనా, జిల్లా పేజీల్లోనా? దయచేసి చెప్పండి. ఎందుకంటే మెయిన్‌లో వచ్చే ఇలాంటి వార్త ఢిల్లీ నుంచో చెన్నై నుంచో వార్తా ఏజెన్సీ పంపుతుంది. డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు రాత్రి 9 గంటలకు దాన్ని తెలుగు చేస్తాడు. మంత్రి మాట్లాడితే అది వార్తే. మంత్రి మాటను వేయకపోతే ఎందుకు వేయలేదని మీరే అడుగుతారు. జిల్లా విలేకరికి ఇందులో ప్రమేయం లేదు. మా జిల్లా పేజీలో అరట్టై గురించి ఒక్క ముక్క రాలేదు, నేను తిరగేసి చూశాను. "మన మీడియా" అని ఒకే మాటతో అందరినీ కలిపేయకండి.

నెల్లూరు సెల్ దుకాణం

ఆ వారం నా దుకాణంలో జరిగింది చెబుతాను. యాభై దాటినవాళ్లు పత్రిక మడతపెట్టి పట్టుకొచ్చి, "బాబూ, ఇది వేయి" అన్నారు. వేశాను. కొందరికి ఓటీపీ రావడానికే చాలాసేపు పట్టింది, అంత రద్దీ. వాళ్లే పది రోజుల తర్వాత వచ్చి ఫోను నిండిపోయింది, ఏదైనా తీసేయమన్నారు. చూస్తే అరట్టైలో ఒక్క సందేశం లేదు. పిల్లల బడి గ్రూపు, గ్యాస్ బుకింగ్, అమెరికాలో ఉన్న కూతురు, అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు. ఆయన ఒక్కడు ఇక్కడికి వచ్చి ఎవరితో మాట్లాడతాడు? యాప్ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. అవతలి మనిషి అక్కడ లేకపోతే ఏ యాప్ అయినా ఖాళీ ఇల్లే.

బెంగళూరులో ఆత్మకూరు

సెల్ దుకాణం అన్న చెప్పిందే అసలు విషయం. డౌన్‌లోడ్ వేరు, వాడకం వేరు. 2023 జూలైలో మెటా సంస్థ ట్విట్టర్‌కు పోటీగా థ్రెడ్స్ మొదలుపెట్టినప్పుడు ఐదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారని ప్రపంచమంతా హోరెత్తింది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాతో ఒక్క నొక్కుతో చేరిపోవచ్చు కాబట్టి చేరారు. మొదటి వారాలు దాటగానే అందులో గడిపే సమయం పడిపోయింది. ఇక ట్విట్టర్ పని అయిపోయిందన్నవాళ్లే, ఇక థ్రెడ్స్ పని అయిపోయిందని రాశారు. అదీ నిజం కాలేదు. థ్రెడ్స్ నిలబడింది, నెమ్మదిగా పెరిగింది. ఒక వేదిక నిలుస్తుందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. పత్రికకు అంత ఓపిక లేదు.

కూ విషయంలో కచ్చితమైన లెక్క ఉంది. మూసేసేటప్పుడు వ్యవస్థాపకులే చెప్పారు: మంచి దశలో రోజూ వాడినవారు 21 లక్షలు, నెలకు కోటి మంది. అంతకుముందు పత్రికల్లో వచ్చినవన్నీ డౌన్‌లోడ్ లెక్కలు. అవి కోట్లలో ఉంటాయి, వినడానికి బాగుంటాయి.

కావలి లెక్కల మాస్టారు

ధన్యవాదాలు బాబూ. సరిగ్గా ఇదే నా బాధ. పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు, చేరినవారి సంఖ్య వేరు, హాజరు పట్టీ వేరు. బడిలో పేరు రాయించుకున్న వంద మందిలో ముప్పై మంది వస్తుంటే ఆ బడి నడుస్తోందని తనిఖీ అధికారి రాయడు.

విలేకరి గారూ, అది మెయిన్ పేజీ. అయితే ఏమిటి? నేను డబ్బు పెట్టి కొనేది ఒకటే పత్రిక. అందులో ఎవరు ఏ పేజీ రాశారో చూసుకోవడం చందాదారుడి పని కాదు.

విడవలూరు రొయ్యల రైతు

మీరు ఏ యాప్ ఏ దేశానిదని కొట్టుకుంటున్నారు. నాకు కావలసింది సాయంత్రానికి 100 కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర ఎంతో తెలియడం. అది వాట్సాప్ గ్రూపులోనే తెలుస్తుంది, పత్రికలో వచ్చేసరికి నా సరుకు లారీ ఎక్కి ఉంటుంది.

కానీ అదే గ్రూపు నన్ను ముంచింది కూడా. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ వారం గ్రూపులో ఎవరో గొంతు రికార్డు చేసి పెట్టారు, కంపెనీలు కొనుగోళ్లు ఆపేశాయని. ఎవరి గొంతో తెలియదు. గంటలో ఒక యూట్యూబ్ చానల్ అదే గొంతు వినిపించి వార్త చేసింది. యూట్యూబ్‌లో వచ్చింది కాబట్టి నిజమేనని గ్రూపులో మళ్లీ పెట్టారు. మా చుట్టుపక్కల చెరువులన్నీ ఒకేసారి పట్టుబడికి దిగాయి. ఇంకా మూడు వారాలు పెంచవలసిన రొయ్యను నేనూ పట్టేశాను. సరుకు ఒక్కసారిగా వచ్చి పడితే ధర ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మేత అప్పు అలాగే ఉంది.

ఆ రోజు ఒక్క విలేకరి కొనుగోలుదారుకు ఫోను చేసి, "ఆపేశారా?" అని అడిగి ఉంటే చాలు.

ఒంగోలు పాత విలేకరి

చూశారా మాస్టారూ? ఆ గొంతును వ్యాపింపజేసింది పత్రికా? ఫోనే. తిరిగి తిరిగి నింద మా మీదికే. మెయిన్ పేజీ అని మీరే ఒప్పుకున్నారు. అంటే జిల్లా విలేకరులు రాసింది కాదు. ఆ సంగతి ఇక్కడ నమోదు కావాలి.

విడవలూరు రొయ్యల రైతు

యూట్యూబ్ చానల్ అతను మైకు పట్టుకుని "ప్రెస్" అని బండి మీద రాసుకుని తిరుగుతాడు అన్నా. మాకు అతనికీ మీకూ తేడా ఎలా తెలుస్తుంది?

ఒంగోలు పాత విలేకరి

ఆ తేడా తెలియకుండా చేసింది ఎవరు? అది అడగండి.

కొండపి కుట్టుమిషన్

నేను ఈ వేదికలో చదవడమే తప్ప రాయను. ఈ రోజు రాయాలనిపించింది.

నేను ఇంటి దగ్గర బట్టలు కుడతాను. 2018 చివర్లో మా చెల్లెలు నా ఫోనులో టిక్‌టాక్ వేసింది. కుట్టేటప్పుడు మా అమ్మమ్మ పాడిన నాట్ల పాటలు పాడుతూ, జాకెట్టు మెడ ఎలా కత్తిరించాలో చూపించేదాన్ని. ఇంగ్లీషు రాదు, కెమెరా ముందు ఎలా నిలబడాలో తెలియదు. అయినా చూశారు. పొదిలి నుంచి, దర్శి నుంచి, ఒకసారి కావలి నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చి బట్టలు ఇచ్చి వెళ్లారు. పెళ్లి జాకెట్టుకు మగ్గం పని చేయించి ఇచ్చే స్థితికి వచ్చాను. నా చేతికి నా డబ్బు వచ్చింది.

2019లో ఒక టీవీ చానల్ టిక్‌టాక్ పిచ్చి మీద అరగంట కార్యక్రమం వేసింది. చదువు మానేసిన పిల్లలు, రైలు పట్టాల మీద వీడియో తీసుకునే కుర్రవాళ్లు, వాళ్ల మధ్యలో నేను. నా వీడియోకు పాట తీసేసి, కోతి గంతులు వేసేటప్పుడు వేసే సంగీతం వేశారు. "సంసారాలు వదిలేసి చిందులు" అని కింద అక్షరాలు. నేను కూర్చుని కుడుతున్నాను ఆ వీడియోలో. చిందు ఎక్కడిది? నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ ఫోను చేయలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో ఎలా గడిచిందో నేను ఇక్కడ రాయలేను. మా బావగారు నెలల తరబడి నాతో మాట్లాడలేదు.

తర్వాత 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. చైనా సరిహద్దు గల్వాన్‌లో మన సైనికులు చనిపోయిన రెండు వారాలకు. దేశం కోసం అన్నారు, సరే అన్నాను. కానీ మర్నాడు పత్రికలో వచ్చిన రాతలు చూస్తే, దేశం కంటే మేము పోయామన్న సంతోషమే ఎక్కువగా కనిపించింది. దాదాపు 20 కోట్ల మంది వాడుతుండేవారని వాళ్లే రాశారు. ఆ 20 కోట్లలో ఒక్కరి దగ్గరికైనా వచ్చి, నీ పని ఏమైందమ్మా అని అడిగారా?

మాస్టారు గారు లెక్కల గురించి రాశారు. నా లెక్క కూడా ఎక్కడో వేయండి.

దర్శి సుబ్బులు అభిమాని

అక్కా, మీ వీడియోలు మా అమ్మ చూసేది. నాట్ల పాట అనగానే గుర్తొచ్చింది.

కావలి లెక్కల మాస్టారు

అమ్మా, మీకు జరిగింది అన్యాయం. అయితే ఈ చర్చ మెసేజింగ్ యాప్‌ల గురించి వచ్చే తప్పుడు అంకెల మీద. టిక్‌టాక్ విషయం వేరు. మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్ 3న దాని డౌన్‌లోడ్లు ఆపమని ఆదేశించిందంటే, పిల్లల మీద దాని ప్రభావం గురించిన ఆందోళన కల్పితం కాదు కదా. అదే నెల 24న ఆదేశాన్ని ఎత్తివేశారనుకోండి. నలభై ఏళ్లు బడిలో ఉన్నవాణ్ని, పిల్లల చూపు ఎలా చెదిరిపోతుందో నాకు తెలుసు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు లేకుండా చేసింది. ఊరికే చేయలేదు.

కొండపి కుట్టుమిషన్

నాకు 16 ఏళ్లు కావు మాస్టారూ. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లిని.

ముత్తుకూరు వాసి

మీరందరూ ఒక విషయం మరిచిపోయారు. 2021 మే. కృష్ణపట్నం మా మండలమే.

కరోనాకు ఆనందయ్య గారు ఇస్తున్న మందు గురించి మొదట ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఊపిరాడని మనిషి లేచి కూర్చున్నాడని. ఆ రోజుల్లో ఆసుపత్రిలో మంచం దొరకదు, ఆక్సిజన్ దొరకదు. జనం వీడియో నమ్మకుండా ఇంకేం నమ్ముతారు? తర్వాత టీవీల వాళ్లు వాహనాలతో దిగారు. మే 21న వేల మంది వచ్చిపడ్డారు. దూరం లేదు, మాస్కు లేదు. పంపిణీ ఆపేశారు. తర్వాత పరిశీలనలు, నివేదికలు, 31న కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి. ఈ మందు మంచిదా కాదా అన్న చర్చ నాకు వద్దు.

ఆ రోజుల్లోనే మా పెదనాన్నను నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. రోడ్డు మీద కార్లు, ఆటోలు, అంబులెన్సులు, టీవీ బళ్లు. గంటన్నర కదలలేదు. ఆయన దక్కలేదు. ఆ గంటన్నరే కారణమని నేను అనలేను. కానీ రోడ్డు పక్కన కెమెరా ముందు నిలబడి "జనసంద్రం, జనసంద్రం" అని అరుస్తున్న మనిషి గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒంగోలు పాత విలేకరి

పెద్దాయన విషయం తెలిసి బాధ కలిగింది. కానీ క్రమం చూడండి. ముందు ఫోన్లు, తర్వాత టీవీలు. మీరే రాశారు. ఫోనులో పుట్టిన వేలంవెర్రిని టీవీ చూపించింది. వెర్రిని పుట్టించలేదు.

ముత్తుకూరు వాసి

చూపించడం వల్లే కదా కర్ణాటక, తెలంగాణ నుంచి కార్లు వచ్చింది! మా ఊళ్లో వీడియో మా ఊరివాళ్లు చూస్తారు. టీవీ దాన్ని నాలుగు రాష్ట్రాలకు చూపించింది. క్రమం చూడమంటున్నారు, మా పెదనాన్న ఏ క్రమంలో పోయాడో రాసి ఇవ్వమంటారా?

నెల్లూరు సెల్ దుకాణం

గదుల్లో చేరి గొంతుతో మాట్లాడుకునే యాప్ క్లబ్‌హౌస్ ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చిందీ ఆ నెలలోనే. రాత్రంతా తెలుగు గదుల్లో ఇదే మందు మీద వాదనలు. ఇప్పుడు ఆ యాప్ పేరు చెప్పి ఎవరూ నా దగ్గరికి రారు.

కావలి లెక్కల మాస్టారు

విలేకరి గారూ, మీ వాదన నాకు అర్థం కావడం లేదు. పత్రిక అచ్చు వేస్తే అది ఏజెన్సీ తప్పు, టీవీ చూపిస్తే అది ఫోను తప్పు. మరి మీ పని ఏమిటి? విన్నదాన్ని నిజమో కాదో చూసి చెప్పడం ఒక్కటే మీకు సమాజం ఇచ్చిన గౌరవానికి కారణం. అది మానేస్తే మీకూ ఆ గొంతు రికార్డు చేసినవాడికీ తేడా లేదు.

ఒంగోలు పాత విలేకరి

తేడా లేదా? ఆ మాట వెనక్కి తీసుకోండి.

1992లో నేను నెల్లూరు జిల్లాలో కంట్రిబ్యూటర్‌ని. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని తెలిసి బస్సు దిగి నడిచి వెళ్లాను. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ గారి లాంటివాళ్లు ముందు నిలబడి పోరాడారు. వాళ్ల మాటను ఊరు దాటించి జిల్లాకు, జిల్లా దాటించి రాష్ట్రానికి చేర్చింది పత్రికలు. ఈనాడు "సారాపై సమరం" అని రోజూ పేజీ కేటాయించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పుడు మీ వాట్సాప్ ఎక్కడుంది? మీ వీడియో ఎక్కడుంది? ఒక్కొక్క ఊరి పేరు, అక్కడి ఆడవాళ్ల మాట, సరిచూసుకుని రాశాం.

మాకు జీతం లేదు. లైనేజి ఇచ్చేవారు, లైనుకు ఇంత అని. ఆ తర్వాత యాజమాన్యం ప్రకటనల లక్ష్యం పెట్టింది, చందాల లక్ష్యం పెట్టింది. చివరికి "వీడియో ఉందా, లింకు పంపు" అని అడగడం మొదలైంది. డెస్కు నుంచి ఫోను వస్తే, "ఏం జరిగింది?" అని కాదు, "ఏం తిరుగుతోంది?" అని. ఎవడో ఫోనులో తీసినదాన్ని నేను వార్తగా రాసి పంపాలి. నేను వెళ్లి, చూసి, మాట్లాడి రాసినది పక్కన పడేస్తారు. బయటికి వచ్చేశాను. ఇప్పుడు నా ఊళ్లో ఫోను ఉన్నవాడల్లా విలేకరి. ఇదంతా తెలియకుండా తేడా లేదంటున్నారు.

నిర్వాహకులు

సభ్యులు సంయమనం పాటించాలి. "వెనక్కి తీసుకోండి", "రాసి ఇవ్వమంటారా" తరహా మాటలు ఇక వద్దు. చర్చ కొనసాగించండి.

కొండపి కుట్టుమిషన్

విలేకరి గారూ, దూబగుంట ఆడవాళ్ల గురించి రాసింది చదివి నాకు ఏడుపు వచ్చింది. నిజంగా చెబుతున్నాను. మా అమ్మ ఆ రోజుల్లో ఊళ్లో సారా కుండలు పగలగొట్టినవాళ్లలో ఉంది.

కానీ ఒకటి ఆలోచించండి. 1992లో మా అమ్మ లాంటివాళ్ల మాటను మీరు మోశారు. అది మీరు ఎంచుకున్న మాట. మీరు రాకపోతే ఆ మాట ఊళ్లోనే ఉండిపోయేది. 2019లో ఆమె కూతురు ఎవరినీ అడగకుండా తానే మాట్లాడింది, పాడింది. అప్పుడు మీవాళ్లే వచ్చి కోతి సంగీతం వేశారు. మీరు తెచ్చినప్పుడు మేము వీరవనితలం. మేమే వచ్చినప్పుడు సంసారాలు వదిలేసిన వాళ్లం. ఈ తేడా నాకు చెప్పండి.

మాస్టారూ, మీరూ ఇదే పక్షం. మీ మొదటి రాతలో మంత్రులున్నారు, సంస్థ అధినేత ఉన్నాడు, 3 వేలు, 3.5 లక్షలు ఉన్నాయి. ఆ యాప్ వాడిన మనిషి ఒక్కరూ లేరు. పత్రికలో లేరని మీరు కోప్పడటం లేదు, అంకె తప్పని కోప్పడుతున్నారు. నేను నా సంగతి చెబితే "ఈ చర్చ దాని మీద కాదు" అన్నారు. పత్రిక కూడా నాతో అదే అంది. ఎవరు మాట్లాడాలి, ఏది మాట్లాడదగినది అని మీరిద్దరే తేల్చుకుంటున్నారు. మీ తగవల్లా ఆ తీర్పు మీలో ఎవరు చెప్పాలన్నదే.

విడవలూరు రొయ్యల రైతు

నాకు ఇప్పుడు అర్థమైంది, ఆగస్టు నుంచి నాకు కోపం ఎవరి మీదో.

కావలి లెక్కల మాస్టారు

అమ్మా, మీ మాట గట్టిగా ఉంది. కానీ నేను ఒప్పుకోను. అందరూ మాట్లాడాలన్నది సరే. అందరూ మాట్లాడినప్పుడు అందులో ఏది నిజమో ఎవరో ఒకరు చూడాలి కదా? రొయ్యల రైతు గారి మూడు వారాల పంట పోయింది ఎవరూ చూడకపోవడం వల్లే. ముత్తుకూరు రోడ్డు నిండింది అందుకే. మీ పాట వేరు, ఆ గొంతు రికార్డు వేరు. కానీ రెండూ ఒకే దారిలో వస్తాయి. ఆ దారికి కాపలా వద్దంటే మళ్లీ కృష్ణపట్నమే. నలభై ఏళ్లు తప్పును తప్పని దిద్దినవాణ్ని, ఈ ఒక్కటి వదలలేను.

కొండపి కుట్టుమిషన్

కాపలా వద్దని నేను అనలేదు. రైతు అన్న చెప్పినట్టు కొనుగోలుదారుకు ఒక్క ఫోను చేస్తే చాలు, అది కాపలా. నా వీడియో వేసే ముందు నాకు ఒక్క ఫోను చేస్తే అదీ కాపలాయే. రెండు చోట్లా చేయలేదు. మందు వీడియోను సరిచూడకుండా వేసినవాళ్లూ, నా వీడియోను నన్ను అడగకుండా వేసినవాళ్లూ ఒకరే. మొదటిదానికి పొగడ్త, రెండోదానికి తిట్టు, అంతే తేడా. కొత్త యాప్ అనగానే అద్భుతమనో అనర్థమనో ముందే రాసుకుని, దానికి సరిపడే బొమ్మ కోసం వెతుకుతారు.

నిషేధం వచ్చాక స్వదేశీ వీడియో యాప్ మోజ్ వచ్చింది, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది, రెండూ 2020 జూలైలోనే. "స్వదేశీ యాప్‌లకు వెల్లువ" అని రాశారు. నేను రెండింటిలోనూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మోజ్‌లో చూసినవాళ్లు బట్టలు కుట్టించుకోలేదు, రీల్స్‌లో నా పక్కన పట్నం అమ్మాయిల వీడియోలు వచ్చేవి. పాత గిరాకీలో సగం కూడా తిరిగి రాలేదు. ఒక యాప్ పోయి ఇంకోటి వస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే అటు నడిచి వెళ్తారని మీరంతా అనుకుంటారు. ఆ దారిలో ఎంతమంది రాలిపోయారో ఏ పత్రికలోనూ లేదు.

బెంగళూరులో ఆత్మకూరు

ఇది నేను పనిచేసే రంగంలో కూడా ఎవరూ లెక్కించని విషయం. వచ్చినవాళ్లను లెక్కిస్తాం. రానివాళ్లు మా తెర మీద కనిపించరు.

ముత్తుకూరు వాసి

నేను ఇంతటితో ఆపుతున్నాను. అమ్మ చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను.

ఒంగోలు పాత విలేకరి

అమ్మా, ఆ టీవీ కార్యక్రమం నేను చేయలేదు. జిల్లా పేజీలో మీ గురించి చెడుగా ఒక్క అక్షరం రాలేదు.

కొండపి కుట్టుమిషన్

రాలేదని మీరు మొదటి నుంచీ చెబుతున్నారు. అరట్టై గురించి రాలేదు, టిక్‌టాక్ గురించి రాలేదు. అది మీకు సమర్థనలా కనిపిస్తోంది. నాకు అదే ఫిర్యాదు. కొండపిలో కుట్టుపని చేసే మనిషి ఫోను వల్ల నిలబడి, ఫోను వల్ల పడిపోతే అది జిల్లా వార్త కాదా? పొగాకు వేలం ధర రాస్తారు, అది మా మనుగడ కాబట్టి. ఇదీ మా మనుగడే.

ఒంగోలు పాత విలేకరి

(రెండు రోజుల తర్వాత)

ఆలోచించాను. మాస్టారు చెప్పినదానితోనే నేను ఉన్నాను, నిజమా కాదా అని చూసే మనిషి ఉండాలి. ఆ పని ఫోను వల్ల కాదు. ఆ మాట మీద నేను కదలను.

కానీ ఒక పని చేస్తాను. నెల్లూరు నుంచి ఏళ్ల తరబడి వస్తున్న వారపత్రికలు ఇంకా ఉన్నాయి, ఒంగోలులోనూ నాకు తెలిసిన చిన్న పత్రిక ఒకటి ఉంది. నేను కొండపి వస్తాను. మీతో, మీ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లతో, వీలైతే మీ బావగారితో కూడా మాట్లాడి రాస్తాను. మీరు చెప్పిందే వేయను, సరిచూసుకుని వేస్తాను. ఇంట్లో ఇబ్బంది అవుతుందంటే పేరు మార్చి, ఊరు వేయకుండా రాస్తాను. ఒప్పుకుంటారా?

కొండపి కుట్టుమిషన్

సరిచూసుకోండి, అదే కదా నేను అడిగింది. మా బావగారితో కూడా మాట్లాడండి, నాకు అభ్యంతరం లేదు.

పేరు మాత్రం మార్చకండి. టీవీలో ముఖం వేశారు, పేరు వేయలేదు, "ఓ మహిళ" అన్నారు. ఈసారి ఇంటిపేరుతో సహా వేయండి. దుకాణం ఎక్కడో కూడా వేయండి. సోమవారం రండి, ఆ రోజు ఉదయం గిరాకీ తక్కువ.